పేషెంట్ తాలూకు ఎవరు?

2020 జులై ఆఖరి రోజులు. ప్రకాశం జిల్లా కురిచేడులో కరోనా ఆంక్షలు పెట్టారు, ఊళ్లో మద్యం దుకాణం మూతపడింది. కొన్ని రోజులు గడిచేసరికి, శానిటైజర్‌ను నీళ్లలోనో కూల్‌డ్రింకులోనో కలుపుకుని తాగినవాళ్లు ఒకరి వెనక ఒకరు పడిపోసాగారు. పదిమందికి పైగా చనిపోయారు. వాళ్లలో గుడి దగ్గర అడుక్కుని బతికేవాళ్లున్నారు, రిక్షా తొక్కేవాళ్లు, హమాలీలు ఉన్నారు. ఆ శానిటైజర్‌లో ఏం కలిసింది, మద్యం ధరలు పెంచబట్టే ఇలా జరిగిందా అన్న వాదనలతో ఆ వారం గడిచిపోయింది. రెండూ అడగాల్సినవే. అయితే దుకాణం మూతపడ్డాక మొదటి మూడు రోజుల్లో ఆ మనుషుల ఒంట్లో ఏం జరిగి ఉంటుంది, అప్పుడు వాళ్లు ఏ ఆస్పత్రి గడప తొక్కగలిగేవాళ్లు అన్నది ఎవరూ పెద్దగా అడగలేదు.

ఏళ్ల తరబడి రోజూ తాగే ఒంటికి మద్యం ఉన్నట్టుండి ఆగిపోతే ఆరు గంటల నుంచి ఒక రోజులోపే చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, కడుపులో తిప్పుతుంది, గుండె దడదడలాడుతుంది. 48 గంటల్లోపు కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండో మూడో రోజుకు ఇంకొందరికి లేని మనుషులు కనపడటం, ఒంటి మీద పురుగులు పాకుతున్నట్టు అనిపించడం, తాము ఎక్కడున్నదీ తెలియకపోవడం మొదలవుతాయి. డాక్టర్లు డెలీరియం ట్రెమెన్స్ అనే ఈ దశలో వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. గంజాయి మానేవాడికి నిద్ర పట్టక పిచ్చెక్కినట్టు ఉంటుందే గానీ మానడం వల్ల ప్రాణం మీదికి రాదు. మద్యం విషయంలో వస్తుంది. పొద్దున్నే ఒక కట్టింగ్ పడితే తప్ప చెయ్యి నిలవదని అడ్డా మీద కూలీ అంటే సాకు చెబుతున్నాడని నవ్వేస్తారు. నిజానికి అతను రోగలక్షణం చెబుతున్నాడు, అదీ వైద్య పుస్తకంలో ఉన్నంత కచ్చితంగా.

దీనికి వైద్యం ఖరీదైనది కాదు. క్లోర్‌డయజెపాక్సైడ్ గానీ డయజెపామ్ గానీ ఇస్తూ రోజురోజుకూ తగ్గించుకు రావాలి. లివర్ బాగా దెబ్బతిన్నవాళ్లకు లోరజెపామ్ వాడతారు. దాంతోపాటు బి1 విటమిన్, అంటే థయమిన్ ఇంజెక్షన్లు. వారం నుంచి పది రోజుల్లో గండం గడుస్తుంది. వీధిలో బతికేవాడి విషయంలో ఒక చిన్న మెలిక ఉంది. తిండి లేకుండా తాగి తాగి అతని ఒంట్లో థయమిన్ అడుగంటి ఉంటుంది. స్పృహ తప్పి పడి ఉన్నాడని 108లో తెచ్చినవాణ్ని చూసి, నీరసంగా ఉన్నాడు కదా అని థయమిన్ లేకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే, మిగిలిన ఆ కాస్త థయమిన్ కూడా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినే ప్రమాదముంది. వెర్నికీ జబ్బు అనే ఆ దశ ముదిరితే జ్ఞాపకశక్తి మళ్లీ పూర్తిగా రాకపోవచ్చు. ఇంజెక్షన్ ధర కొద్ది రూపాయలే. ఏది ముందు, ఏది తర్వాత అన్న ఒక్క సంగతిలో ఒక మనిషి మిగతా జీవితం ఉంటుంది.

మందు చవక, పద్ధతి తెలిసిందే. నెల్లూరు దర్గామిట్టలో పెద్దాసుపత్రి ఉంది, ఒంగోలులో రిమ్స్ ఉంది. రెండూ బోధనాస్పత్రులే. మరి రైల్వేస్టేషన్ బయట పడుకునే మనిషికి ఈ వైద్యం ఎందుకు అందదు?

గేటు దగ్గరి ప్రశ్న

సర్కారీ ఆస్పత్రిలో ఏ పని కావాలన్నా ముందు వినపడే మాట, "పేషెంట్ తాలూకు ఎవరు?" ఓపీ చీటీ రాయించేది, రక్తం సీసా ల్యాబ్‌కి పట్టుకెళ్లేది, స్ట్రెచర్ తోసేది, కింద క్యాంటీన్ నుంచి ఇడ్లీ తెచ్చేది, రాత్రి మంచం దిగి పారిపోబోతే పట్టుకునేది, ఇంటికి పంపే రోజు మాత్రల కవరు అందుకునేది తాలూకు మనుషులే. జీతాల పట్టీలో పేరు లేని సిబ్బంది వాళ్లు. మందు మాన్పించే వైద్యంలో వాళ్ల అవసరం ఇంకా ఎక్కువ. రోజుకు ఎంత తాగేవాడు, చివరిసారి ఎప్పుడు తాగాడు, ఇంతకుముందు ఫిట్స్ వచ్చాయా, కిందపడి తలకు దెబ్బ తగిలిందా వంటివన్నీ రోగి సరిగా చెప్పలేడు. భార్య చెబుతుంది, లేదా తల్లి.

తాలూకు ఎవరూ లేనివాణ్ని చేర్చుకోవడానికి డ్యూటీ డాక్టరు వెనకాడితే అది కాఠిన్యం అనుకోనక్కర్లేదు. వార్డులో నర్సులు తక్కువ. మతి స్థిమితం లేని దశలో రోగి రాత్రికి రాత్రి కనపడకుండా పోయి బయట ఏదైనా అయితే జవాబు చెప్పాల్సింది ఆ డాక్టరే. అందుకే ఇలాంటి మనిషి క్యాజువాలిటీ దాకా వస్తాడు, గాయానికి కట్టు కట్టించుకుంటాడు, ఒక సెలైన్ ఎక్కించుకుంటాడు, సాయంత్రానికి గేటు బయట ఉంటాడు. నాలుగు రోజుల తర్వాత మళ్లీ అదే వరస. ఆస్పత్రి రికార్డులో అవి నాలుగు వేర్వేరు గాయాలు. జబ్బు మాత్రం ఏ పుస్తకంలోకీ ఎక్కదు.

లెక్కలోనూ ఇదే తంతు. ఢిల్లీ ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగిన జాతీయ సర్వే 2019లో బయటికొచ్చింది. 10 నుంచి 75 ఏళ్ల వయసువాళ్లలో మద్యం తాగేవాళ్లు 14.6 శాతమని, అంటే దాదాపు 16 కోట్ల మందని, మగవాళ్లలో ఇది 27.3 శాతమని తేల్చింది. మద్యం లేకపోతే ఒళ్లు నిలవని స్థితికి చేరినవాళ్లు 2.9 కోట్లు. వాళ్లలో ప్రతి 38 మందికి ఒక్కరే ఏదో ఒక రకమైన సాయం అందుకున్నారు. ఇంతవరకూ చాలామంది ఎత్తిచూపే అంకెలే. ఎత్తిచూపనిది, ఆ మద్యం లెక్క రెండు లక్షల ఇళ్లు తిరిగి రాసిన లెక్క అన్న సంగతి. ఇల్లే లేనివాడి తలుపు ఎవరు తడతారు? ఇళ్లున్నవాళ్లలోనే 38కి ఒక్కరైతే, ఫ్లైఓవర్ కింద వాళ్ల సంగతి ఊహించుకోవచ్చు. వాళ్లు లెక్కలోకి వచ్చేది సాధారణంగా ఒకే ఒక్కచోట, జిల్లా పేజీలో అడుగున వచ్చే నాలుగు లైన్ల వార్తలో: గుర్తు తెలియని వ్యక్తి మృతి, వయసు 45 ఉండొచ్చు, నీలం గళ్ల లుంగీ.

ఈ మనుషులంతా ఒకే రకం కాదు. నెల్లూరు ఆర్టీసీ బస్టాండు చుట్టుపక్కల రాత్రి పదకొండు తర్వాత నడిస్తే తెలుస్తుంది. తాగి తాగి ఇంట్లోంచి గెంటివేత దాకా తెచ్చుకున్నవాళ్లు కొందరు. ఇల్లు పోయాకే తాగుడు మొదలుపెట్టినవాళ్లు ఇంకొందరు: భార్య చనిపోయినవాడు, అప్పులకు ఊరొదిలినవాడు, రొయ్యల గుంటల దగ్గర కాపలా పని పోయి ఊరికి ఉత్త చేతులతో వెళ్లలేనివాడు. చెన్నై–విజయవాడ రైలు మార్గం నెల్లూరు, కావలి, సింగరాయకొండ, ఒంగోలు మీదుగా పోతుంది కాబట్టి ఎక్కడెక్కడి భాషల మనుషులో ఈ స్టేషన్లలో దిగిపోతారు. పేరుకు ఇల్లున్నా, బేల్దారి పనికి వచ్చి కట్టే భవనంలోనే నెలల తరబడి పడుకునేవాడు ఇంకో రకం. వీళ్లలో ఎంతోకొంత మందికి తాగుడుకు ముందే మానసిక జబ్బు ఉంటుంది. మత్తు దాన్ని కప్పేస్తుంది.

వీధిలో మద్యం చేసే పని ఇంట్లో చేసే పనిలాంటిది కాదు. అక్కడ అది నిద్రమాత్ర. దోమలు, సిమెంటు అరుగు, పక్కవాడు జేబు కోస్తాడన్న భయం, లాఠీతో లేపే చెయ్యి, వీటన్నిటి మధ్య రెండు గంటలు కన్ను మూతపడాలంటే చేతికందే మందు అదొక్కటే. ఆకలిని చంపుతుంది. పగలు మోసిన బస్తాల నొప్పిని చంపుతుంది. 2024 అక్టోబరులో వచ్చిన కొత్త మద్యం విధానంలో 180 మిల్లీలీటర్ల క్వార్టర్ 99 రూపాయలకు తెచ్చారు; ఇద్దరు కలిసి కట్టింగ్ వేసుకుంటే మనిషికి యాభై. ఆ కట్టింగ్‌లో భాగస్వామి ఉంటాడే, చాలాసార్లు ఈ లోకంలో అతనికి మిగిలిన చుట్టం వాడొక్కడే. వాడు రాత్రి పక్కన పడుకుంటాడు, ఒంట్లో బాగోకపోతే టీ తెచ్చిస్తాడు. మందు మానడమంటే వాణ్ని కూడా మానడం. కౌన్సెలింగ్ గదిలో చెప్పే 'చెడు సావాసం వదిలెయ్' అన్న సలహా ఇక్కడికొచ్చేసరికి ఎంత బరువైనదో చెప్పేవాళ్లకు తెలియదు.

గడప లోపలి ఉద్యమం

తాగుడు మీద పోరాటం అంటే దేశమంతా తలుచుకునే పేరు నెల్లూరు జిల్లా దూబగుంట. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడులకు వచ్చిన ఆడవాళ్లు 1991, 92లలో సారా దుకాణాల మీదికి కదిలారు, రోసమ్మ పేరు ఊరి పేరుతో కలిసి నిలిచిపోయింది, సారా వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని ఎత్తివేత. ఈ చరిత్ర ఇక్కడ అందరికీ కంఠతా వచ్చు.

ఆ ఉద్యమం బలమంతా ఒక దృశ్యంలో ఉంది: కూలి డబ్బు సారాకు పోసి రాత్రికి తూలుకుంటూ ఇంటికొచ్చే మగవాడు, గడప లోపల ఖాళీ కుండ దగ్గర ఆడమనిషి. ఆమె వైపు నుంచి చూస్తే పరిష్కారం దుకాణం మూయించడమే, అది ముమ్మాటికీ న్యాయం. అయితే ఆ దృశ్యంలో మగవాడు ఇంటికి వస్తాడు. ఇంటికి రానివాడు, రావడానికి ఇల్లు లేనివాడు ఆ కథలో ఎక్కడా లేడు. ముప్పై ఏళ్లుగా ఈ జిల్లాల్లో తాగుడు గురించిన ఆలోచనంతా గడప లోపలి నుంచే సాగింది. దుకాణం ఉండాలా వద్దా, ధర ఎంత ఉండాలి, బెల్టు షాపులు ఎవరివి అన్నవాటి మీద ప్రభుత్వాలు మారాయి. తాగేవాడికి వైద్యం అన్న మాట ఎన్నికల ప్రసంగాల్లో ఎప్పుడూ వెనక బెంచీలోనే కూర్చుంది. కురిచేడులో జరిగినట్టు, సరఫరా హఠాత్తుగా ఆగితే ఎవరు చచ్చిపోతారన్నది ఈ చర్చకు మొదటి నుంచీ బయటే ఉండిపోయింది.

కాగితం మీద ఉన్నది

చట్టం మాత్రం ఈ మనిషిని మరిచిపోలేదు. 2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017, మద్యం, మత్తుపదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితులను మానసిక అనారోగ్యం నిర్వచనంలోనే చేర్చింది. 18వ సెక్షన్ ప్రకారం నిరుపేదలకు తెల్లకార్డు ఉన్నా లేకున్నా, ఇల్లు లేనివాళ్లకు కూడా, ప్రభుత్వం నడిపే లేదా నిధులిచ్చే మానసిక వైద్య కేంద్రాల్లో పైసా ఖర్చు లేకుండా వైద్యం అందాలి. 100వ సెక్షన్ పోలీసుల పని చెబుతుంది: మానసిక అనారోగ్యంతో వీధుల్లో తిరుగుతూ తన సంగతి తాను చూసుకోలేని మనిషి కనపడితే రక్షణలోకి తీసుకుని, 24 గంటల్లోపు దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రికి చేర్చాలి. లాకప్‌లో పెట్టకూడదు. ఇల్లు లేనివాడైతే తప్పిపోయిన వ్యక్తిగా ఎఫ్ఐఆర్ కట్టి కుటుంబాన్ని వెతకాలి.

'తాలూకు ఎవరు' అన్న ప్రశ్నకు కూడా ఇందులో జవాబుంది. చట్టం దాన్ని 'నామినేటెడ్ ప్రతినిధి' అంటుంది. రోగి ఎవరినీ పెట్టుకోలేదు, చుట్టాలు లేరు, చూసుకునేవాళ్లు లేరు అనుకుంటే చివరికి ఆ బాధ్యత సాంఘిక సంక్షేమ శాఖ సంచాలకుడికి లేదా ఆయన నియమించిన ప్రతినిధికి చేరుతుంది. అంతవరకూ ఆ పని తాత్కాలికంగా చూడటానికి ఇలాంటి రోగుల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థలకూ దారి తెరిచారు. అంటే ఏ బంధువూ లేనివాడికి ప్రభుత్వమే బంధువు. అర్ధరాత్రి క్యాజువాలిటీలో ఆ బంధువు ఫోన్ నంబరు గోడ మీద ఉందా అన్నదే తేలాల్సింది.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ సాయంతో స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాలు ఇంకో దారి. 2020 ఆగస్టు 15న మొదలైన నషాముక్త్ భారత్ కార్యక్రమం, 14446 ఉచిత ఫోన్ లైన్ అదే శాఖవి. ఫోన్ లేనివాడికి ఫోన్ లైన్ ఎంత పనికొస్తుందో వేరే చెప్పాలా. ఇక ప్రైవేటు డీఅడిక్షన్ సెంటర్లు పూర్తిగా కుటుంబం డబ్బు మీద, కుటుంబం సంతకం మీద నడిచేవి. కట్టేసి కొట్టి మాన్పించే చోట్ల గురించి పత్రికల్లో అప్పుడప్పుడూ చదువుతూనే ఉంటాం.

మిగిలింది నైట్ షెల్టర్లు. 2024లో ముగిసిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ పెట్టుకున్న కొలత లక్ష జనాభాకు ఒకటి, ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచి ఉండాలి, మనిషికి 50 చదరపు అడుగులు. 2011 లెక్కల్లోనే నెల్లూరు నగర జనాభా ఐదు లక్షలు, ఒంగోలు రెండు లక్షలు దాటాయి కాబట్టి ఆ లెక్కన నెల్లూరుకు ఐదు, ఒంగోలుకు రెండు తగ్గకూడదు. సంఖ్య కన్నా నిబంధనలు ముఖ్యం. షెల్టర్ అనగానే గుర్తొచ్చే నిబంధన: మద్యం తాగి రాకూడదు. అక్కడ ముసలివాళ్లు, రోగులు, కొన్నిచోట్ల పిల్లలు ఉంటారు, కాబట్టి నిబంధన తప్పనలేం. దాని ఫలితం మాత్రం ఇది: మంచం కావాలంటే ముందు మానాలి, మానాలంటే ముందు మంచం కావాలి. ఆస్పత్రి తాలూకు మనిషిని అడుగుతుంది, షెల్టర్ శ్వాస వాసన చూస్తుంది, మధ్యలో అరుగు మిగులుతుంది. ఇదే మిషన్ మార్గదర్శకాల్లో మానసిక రోగులకు, జబ్బు నుంచి కోలుకుంటున్నవాళ్లకు ప్రత్యేక షెల్టర్లు పెట్టవచ్చన్న మాట కూడా ఉంది. రాష్ట్రంలో ఈ పథకాన్ని చూసిన పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా గానీ కార్పొరేషన్లు గానీ అందరికీ కలిపి ఒక హాలు అన్న ఆలోచన దాటి ఆ వాక్యం దాకా రావాలి.

పదకొండో రోజు

ఏ కార్యక్రమానికైనా పరీక్ష మొదటి పది రోజులు కాదు. వార్డులో మందు దొరకదు, మాత్రలు ఇస్తారు, మూడు పూటలా తిండి ఉంటుంది, మనిషి తేరుకుంటాడు. పదకొండో రోజు పొద్దున డిశ్చార్జి కాగితం చేతికొస్తుంది. ఇల్లున్నవాడు ఇంటికి పోతాడు. లేనివాడు ఎక్కడి నుంచి వచ్చాడో అక్కడికే, అదే అరుగుకు, అదే కట్టింగ్ భాగస్వామి దగ్గరికి పోతాడు. పది రోజులు మానిన ఒంట్లో మద్యాన్ని తట్టుకునే శక్తి తగ్గి ఉంటుంది. పాత మోతాదే వేస్తే ఈసారి ఇంకా ప్రమాదం. ఖర్చంతా పెట్టి, మనిషిని అంతకంటే బలహీనంగా బయటికి పంపినట్టు.

దీన్ని మిగతా లోకం ఎలా ఎదుర్కొందో చూడటం తప్పు కాదు, తెచ్చి అతికించడమే తప్పు. అమెరికాలో అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్ నగరంలో ఇల్లు లేని కొకైన్ బాధితులతో జెస్సీ మిల్బీ బృందం ఏళ్ల తరబడి పనిచేసింది. 2005లో ప్రచురించిన అధ్యయనంలో 196 మందిని మూడు భాగాలు చేశారు. అందరికీ పగటిపూట చికిత్స ఒకటే. ఒక గుంపుకు ఇల్లు ఇవ్వలేదు. ఒక గుంపుకు ఏ షరతూ లేకుండా ఇచ్చారు. ఇంకో గుంపుకు మూత్ర పరీక్షలో మత్తు లేకపోతేనే ఇచ్చారు. ఇల్లు ఇచ్చిన రెండు గుంపులూ ఇవ్వని గుంపు కంటే మెరుగ్గా మానగలిగాయి. షరతు పెట్టిన గుంపు షరతు లేని గుంపు కంటే కాస్త మెరుగు, అంతే. తలమీద కప్పు పడటం పెద్ద మలుపు, షరతు చిన్న మలుపు.

కెనడాలో 2009 నుంచి 2013 వరకు ఐదు నగరాల్లో రెండువేల మందికి పైగా మనుషులతో ఇంకో ప్రయోగం జరిగింది. వాళ్లు మానసిక జబ్బుతో వీధిన పడ్డవాళ్లు, చాలామందికి మత్తు అలవాటు కూడా ఉంది. మానమని అడగకుండానే ముందు ఇల్లు ఇచ్చారు. ఇల్లు నిలుపుకోవడంలో తేడా బాగా కనిపించింది. తాగుడు, మత్తు విషయంలో మాత్రం అంత తేడా రాలేదు. ఇల్లిస్తే చాలు అన్నీ సర్దుకుంటాయనేవాళ్లు ఈ రెండో సగాన్ని చెప్పరు. ఇల్లు పునాది, వైద్యం దానంతట అది రాదు. కెనడాలోనే ఒటావాలో, ఎంతకీ మానలేని కొద్దిమందికి గంటకింత అని కొలిచి మద్యాన్ని షెల్టరే ఇచ్చి చూశారు; వాళ్లు ఆస్పత్రికి పరుగెత్తడం, పోలీసులకు చిక్కడం తగ్గాయి. దూబగుంట ఉన్న జిల్లాలో ఎవరైనా ఈ మాట ఎత్తితే చీపుళ్లు లేస్తాయి. 99 రూపాయల క్వార్టర్ ఏర్పాటు చేసిన చోట దీన్ని అనైతికం అనడానికి కొంచెం గుండె ధైర్యం కావాలనుకోండి.

దగ్గరి ఉదాహరణ చెన్నైది. భర్తను తాగుడుకు పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ 1980లో మొదలుపెట్టిన టీటీకే ఆస్పత్రి, 1989 నుంచి తమిళనాడులోని మంజక్కుడి అనే పల్లెలో పదిహేను రోజుల క్యాంపులు నడిపింది. ప్రత్యేక భవనం లేదు. ఊరివాళ్లు చోటిచ్చారు, వంటకు సాయం పట్టారు. వైద్య బృందం వచ్చి ఉండిపోయింది, తర్వాత నెలల తరబడి మళ్లీ మళ్లీ వచ్చి చూసింది. కుటుంబాలున్న పల్లె మనుషుల కోసం చేసిన ఏర్పాటే అది. అయినా చూడాల్సింది ఒకటుంది: పెద్ద కట్టడం లేకుండా, ఒక గుంపును ఒకేసారి చేర్చుకుని ఒకేసారి బయటికి పంపితే వాళ్లకు వాళ్లే తోడవుతారు.

అసలు ఇలాంటిది మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది, ఎవరూ దాన్ని డీఅడిక్షన్ అనలేదు, అంతే. కార్తీకం రాగానే అయ్యప్ప మాల వేసుకునే మగవాళ్లను చూడండి. 41 రోజులు. మందు ముట్టరు. నల్లబట్టలు కడతారు, చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, పదిమందితో కలిసి భిక్ష, సాయంత్రం భజన. పేరు కూడా మారిపోతుంది. నిన్నటి దాకా 'ఒరేయ్ తాగుబోతా' అన్న వీధే 'స్వామీ' అని పిలుస్తుంది. తాగుడుకు కేటాయించిన సాయంత్రపు గంటలు ఖాళీగా ఉండవు, తాగే స్నేహితులు దరిదాపుల్లోకి రారు, వస్తే వాళ్లకే పాపం. పునరావాస కేంద్రం నిపుణులు కూర్చుని రాసినా ఇంతకంటే బాగా రాయలేరు. దీని లోపాలూ అందరికీ తెలిసినవే: మాల తీసిన రాత్రే సీసా తెరుచుకోవడం ఒకటి, బాగా ముదిరినవాడు డాక్టరు లేకుండా ఉన్నపళంగా ఆపేస్తే ఫిట్స్ రావడం ఇంకొకటి. పైగా మాలకు గురుస్వామి కావాలి, ఇరుముడి ఖర్చు కావాలి, పీఠం పెట్టుకునే చోటు కావాలి. అరుగు మీద మనిషికి అదీ అందదు. అయినా పని చేసేదేమిటో అది చూపిస్తోంది: కొత్త పేరు, నిండిన సాయంత్రం, కలిసి తినే తిండి, కనపడే గడువు.

ఇవన్నీ నెల్లూరు, ఒంగోలు కొలతకు తెస్తే కొత్తగా కట్టాల్సింది పెద్దగా ఉండదు. ఉన్న షెల్టర్లలో ఒక్కదాన్ని, లేదా ఒక అంతస్తును, డీటాక్స్, అంటే మందు మాన్పించే ఆ మొదటి పది రోజుల వైద్యం, పూర్తయి వచ్చినవాళ్లకే మూడు నెలల పాటు కేటాయించాలి. ఇరవై మంచాలు చాలు. ఆస్పత్రి వార్డుకూ దీనికీ మధ్య ఒకే మనిషి తిరగాలి, జీతం తీసుకుని 'తాలూకు' పని చేసే మనిషి. ఆ పనికి డిగ్రీ కంటే, తాను కూడా ఒకప్పుడు అదే అరుగు మీద పడుకుని లేచినవాడై ఉండటం మంచి అర్హత. ఎవరు ఎక్కడ పడుకుంటారో, ఎవడి మాట నమ్మొచ్చో, పొద్దున ఆరింటికి చేతులు వణికే ముందే పలకరించాలన్నదీ అతనికి తెలుస్తుంది.

మాత్రల సంగతి జాగ్రత్తగా చూడాలి. డైసల్ఫిరామ్ వేసుకున్నవాడు ఆ తర్వాత తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం దాకా వస్తుంది. ఆ భయమే దాని వైద్యం. రోగికి తెలియకుండా అన్నంలో పొడి కలిపి పెట్టే అలవాటు మన ఇళ్లలో ఉంది. అది ప్రాణం మీదికి తేవచ్చు, తప్పు కూడా. వీధి మనిషికి ఈ మాత్ర చీటీ మీద రాసిచ్చి పంపడం దాదాపు అంతే ప్రమాదం. లివర్ పరీక్ష చేయించి, మనిషి ఒప్పుకుంటే, రోజూ ఒకరి కళ్లముందు వేయించాలి. క్షయ మాత్రలు కళ్లముందు మింగించే పద్ధతి ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ ఏళ్లుగా తెలుసు. పైగా ఈ మనుషుల్లో క్షయ ఉన్నవాళ్లు తక్కువేం ఉండరు; అయితే క్షయ మందుల్లోని ఐసోనియాజిడ్‌తో డైసల్ఫిరామ్ కలిస్తే ప్రమాదం కాబట్టి, అలాంటివాళ్లకు ఏది ఇవ్వాలో డాక్టరే తేల్చాలి. ఉదయం ఐదు రూపాయల అన్న క్యాంటీన్ టిఫిన్‌కు ముందు మాత్ర అని పెడితే వాళ్లను వెతుక్కుంటూ తిరగాల్సిన పని సగం తగ్గుతుంది.

కూలి డబ్బు ఇంకో చిక్కు. సాయంత్రం ఐదున్నరకు చేతిలో నోట్లు పడే అడ్డా పని, ఆరింటికి తెరిచి ఉండే వైన్స్. ఈ అరగంటే అసలు గండం. వారానికోసారి కూలి ఇచ్చే పనులు, బ్యాంకు ఖాతాలోకి పడే పనులు చూపించగలిగితే ఆ గండాన్ని కొంత దూరం జరపొచ్చు. ఖాతాకు ఆధార్ కావాలి. ఆధార్ ఉన్నా రేషన్ కార్డులో పేరు ఊళ్లో భార్య కార్డులోనే ఉండిపోతుంది. ఆ కార్డులోంచి పేరు తీయించుకోవాలంటే ఊరికి వెళ్లాలి. మొహం చెల్లక వెళ్లలేని ఊరికి.

అక్కడే ఒక మాట తేల్చుకోవాలి. ఇలాంటి కార్యక్రమాలు ఎంతమందిని తిరిగి కుటుంబంతో కలిపామన్న అంకెను గొప్పగా చూపిస్తాయి. ఫొటోకు బాగుంటుంది. ఇంట్లో ఉన్న ఆడమనిషి వైపు నుంచి చూస్తే అది ప్రభుత్వం తన పని పూర్తిచేసి బరువును మళ్లీ ఆమె తలకెత్తడమే కావచ్చు. పదేళ్లు దెబ్బలు తిని, పిల్లల్ని ఒంటరిగా పెంచుకుని, ఇప్పుడు కాస్త ఊపిరి పీల్చుకుంటున్న మనిషిని అడగకుండా అతన్ని గుమ్మం ముందు దింపి రావడం వైద్యం అనిపించుకోదు. చట్టం కుటుంబాన్ని వెతకమంది, ఒప్పించమని అనలేదు. కుటుంబంతో ఉండటం కుదరనివాళ్లకు వేరే ఆసరా చూపే బాధ్యత ప్రభుత్వానిదేనని అదే చట్టం 19వ సెక్షన్ చెబుతుంది. కొందరు ఒంటరిగానే, ఒక గదిలోనో షెల్టర్ అంతస్తులోనో, మందు లేకుండా బతుకుతారు. దాన్నీ విజయంగానే రాసుకోవాలి.

రాసుకోవాల్సింది ఇంకొకటి కూడా ఉంది. మానినవాళ్లలో సగానికి పైగా మళ్లీ ఎప్పుడో ఒకప్పుడు తాగుతారనే ఈ వైద్యం చేసే ఎవరైనా చెబుతారు. షుగరు పెరిగి రెండోసారి వచ్చిన రోగిని ఎవరూ గేటు దగ్గర ఆపరు. తాగి రెండోసారి వచ్చినవాణ్ని "మళ్లీ మొదలెట్టావా" అంటారు, ఆ మాట విని మూడోసారి రాడు. అందుకని ఇరవై మంచాల అంతస్తులో రెండు మంచాలు ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి, తిరిగొచ్చేవాళ్ల కోసం. రిజిస్టరులో వాళ్ల పేరు పాత వరసలోనే కొనసాగాలి. కొత్త నంబరు అక్కర్లేదు. తాలూకు అన్న గడిలో మొదటిసారి రాసిన పేరే ఈసారీ రాయాలి.